తోడుబిందె

బహుళ ద్వాదశి

నిన్న అంబుజ పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్నే లేచి మడమొక్కలకు నీళ్లు పెట్టింది. నేను మంచినీటి యంత్రం ఫిల్టర్లు కడిగాను. ఇద్దరం చద్దన్నం తిన్నాం. ఎవరి బిందె వాళ్లం నింపుకుని, కాటా దగ్గర తూకం చూపించుకుని, సభతెప్ప మీదికి వెళ్లాం. నడిస్తంభం దగ్గర విడిపోయాం. ఆలుమగలు అక్కణ్నుంచి ఎవరి దారిన వాళ్లు నడవాలన్నది ఈ తెప్పల ఊరి పద్ధతి. అందరం నీళ్లవైపు ముఖం పెట్టి నిలబడ్డాం. గంట కొట్టాక వంతెన దగ్గర మళ్లీ కలిశాం. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"కాస్త చెయ్యి పట్టుకోండి" అంది.

పెళ్లయినప్పటి నుంచి ఆమె ఆ మాట అడగడం అదే మొదలు.

ఇంటికొచ్చి మజ్జిగ అడిగింది. సగం తాగింది. "మూడో వరసకి నీడవల కట్టాలి, ఎండ ముదురుతోంది" అంది. నేను వెళ్లి కట్టాను. తిరిగొచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. మజ్జిగ గ్లాసు ఒళ్లో నిటారుగా ఉంది, ఒలకలేదు. ఆస్పత్రి తెప్ప నుంచి వచ్చిన అమ్మాయి గుండె అని చెప్పింది.

సాయంత్రం నీరు తీసే పాటులో సాగనంపాం. ఊళ్లో పడవలన్నీ వెంట వచ్చాయి.

ఈ తెప్ప దినచర్య అంబుజ రాసేది. ఆటుపోట్లు, మోకులు, మొక్కలు. ఇకనుంచి నేను రాస్తాను.

మోకులు బాగున్నాయి. మూడో వరస నీడలో ఉంది.

అమావాస్య

దీనమ్మ వచ్చింది. మోకులు పేనుతుంది. ఈ విడత సభ నడపడానికి చీటీలో ఆమె పేరు వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"మాస్టారూ, పలకరించడానికొచ్చాను. పని మాట కూడా ఉంది. ఇప్పుడు చెప్పమంటారా, రెండ్రోజులాగి రమ్మంటారా?"

"చెప్పమ్మా."

"తొలిమొగ్గు తూర్పుకి పడింది. గొట్టంలో వెంట్రుకవాసి. మీకు తెలిసే ఉంటది."

నాకు తెలియదు. అంబుజ పోయిన రోజు సభ ఎటు మొగ్గిందో ఎవరినీ అడగలేదు.

తూర్పంటే మా మడతెప్పను ఊరినుంచి విప్పడం. నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి లాక్కెళ్లి అడ్డంగా లంగరు వేస్తారు. ముందు అది అలలకు గోడ. మొక్కలు కిందనున్న మేటలోకి వేళ్లు దించితే కొన్నేళ్లకు అడవి. పడమరంటే తెప్ప ఉన్నచోటే ఉంటుంది. మొగ దగ్గర కాపురాలు నిలవవు కాబట్టి, విప్పితే మా తెప్ప ఇళ్లవాళ్లందరం వేరే తెప్పల మీద సర్దుకోవాలి. ఈ వంటిల్లు ఉండదు. ఆమె కూర్చున్న గోడ ఉండదు.

నేను పడమటి అంచున నిలబడ్డాను. అంబుజ ఎటు నిలబడిందో చెప్పలేదు. తుదిమొగ్గు అయ్యేదాకా ఒకరినొకరు అడగకూడదు. ఇంట్లో మాత్రం ఎవరు వింటారు? అయినా మేము అడగలేదు.

"తుదిమొగ్గు పున్నమికి" అంది దీనమ్మ. "ఈలోపు భోజనాలు. మీకు గాలితెప్ప ఏసోబు వాళ్లిల్లు పడింది. వెళ్లలేనంటే వేరేవాళ్లని పంపుతాను."

"వెళ్తాను" అన్నాను.

తదియ

ఫిల్టర్లు కడిగాను. ఉప్పు ఎక్కువగా పేరుకుంటోంది. బుల్లయ్య గారెలు తెచ్చాడు. పక్కింట్లోనే ఉంటాడు, మా తెప్ప విప్పడానికి ససేమిరా ఒప్పుకోడు. నాకు రెండు పెట్టి తను మూడోది అందుకుంటుంటే వంతెన మీద పోతున్నవాళ్లు కేకేశారు.

"బాబాయ్, ఆ మూడోది వద్దు! ఊరంతా మొయ్యాలి!"

ఆ కేక మాకు మామూలే. మా సభతెప్ప సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నడుమన స్తంభం, దాని పక్కన అడ్డంగా రంగునీళ్ల గాజుగొట్టం. జనం తూర్పుకో పడమరకో నడిస్తే నేల అటు మొగ్గుతుంది, గొట్టంలో నీరు అటు ఎక్కుతుంది. పోటు నిండి నీరు ఆగిన సమయంలో చూస్తాం. కాని మనిషికీ మనిషికీ బరువు తేడా. అందుకని ఊళ్లోకెల్లా బరువైన మనిషిని కొలతగా పెట్టుకుని, మిగతావాళ్లం మా మా తక్కువను నీళ్లతో పూడ్చుకుంటాం. ఎవరి నీళ్లు వాళ్ల బిందెలో. ఆ కొలత మనిషి బుల్లయ్య. ఆయన ఒక్కడికే బిందె లేదు. ఆయన తింటే ఊరందరి బిందెలూ నిండుతాయి.

దాని పేరు తోడుబిందె. మనిషికి తోడుగా ఉండేదనా, నీళ్లు తోడుకునేదనా? అంబుజా నేనూ దీని మీద చాలాసార్లు వాదించుకున్నాం. నేను రెండోదంటాను. ఆమె సన్నటి మనిషి, బిందె పెద్దది. "మోసేదాన్ని నేను. పేరు నేను చెప్తాను" అనేది.

ఒడ్డున కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో మాకేం కావాలో పాలన చూసే కంప్యూటరు యంత్రమే ఊహించేది. అడిగేది కాదు. చాలావరకు సరిగ్గానే ఊహించేది. పొద్దున్నే నిర్ణయం తెలిసేది. అందులో నా మాట ఎక్కడుందో వెతికితే దొరికేది కాదు. ఇక్కడ అరికాలికి తెలుస్తుంది. నేల ఎంత కదిలిందో, అందులో నేనెంతో.

సాయంత్రం గౌసియా వచ్చింది. గొట్టం చూసుకునే ఇంజనీరు, ఒకప్పుడు నా దగ్గర చదివింది.

"సార్, సభతెప్ప ఖాళీగా ఉన్నా తూర్పుకి వంగుతోంది. కొంచెమే. కాని తొలిమొగ్గు తేడా కూడా కొంచెమే."

"తొలిమొగ్గుకి ముందు?"

"ఆ పొద్దున్నే చూశాను సార్. సమంగా ఉంది. తర్వాతే వచ్చింది."

నేల సమం కాకుండా తుదిమొగ్గు జరపకూడదు. పున్నమి తప్పితే తర్వాతి పున్నమికి తుఫానులు మొదలవుతాయి. అప్పుడు ఏ తెప్పనూ విప్పలేం. అంటే నేల సరికాకపోతే మా ఇల్లు నిలుస్తుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. గౌసియాకు కూడా తట్టే ఉంటుంది. అయినా నా దగ్గరికే వచ్చి అడిగింది.

"కింద తేల్చే పీపాల్లోకి నీరు దిగిందేమో చూడు" అన్నాను.

పంచమి

ఏసోబు ఇంట్లో భోజనం.

సభ అంచు అందరిదీ కాదు. ఒక నిర్ణయం ఎవరి బతుకును తాకుతుందో వాళ్లే అంచున నిలబడాలి. మిగతావాళ్లు స్తంభానికి దగ్గరగా. దూరం పెరిగిన కొద్దీ అదే బరువు నేలను ఎక్కువ వంచుతుంది. నేను క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠమే. దాంతో ఊరు నడపొచ్చని నాకెప్పుడూ తోచలేదు. ఎవరు అంచువాళ్లో తేల్చడానికే సభలో ఎక్కువ వాదన జరుగుతుంది. తేలాక, ఎదురెదురు లాభాలున్న అంచువాళ్లు ఒకరింట ఒకరు భోంచెయ్యాలి. తినేటప్పుడు మొగ్గు మాట ఎత్తకూడదు.

గాలితెప్ప ఊరికి తూర్పు కొస. మొగ నుంచి వచ్చే అల మొదట దానికే తగులుతుంది. నేను వెళ్లేసరికి ఏసోబు తలుపుకి పలక బిగిస్తున్నాడు. వాళ్లమ్మ మంచం మీద పడుకుని ఉంది. నడుముకి చీర చుట్టి మంచంకోడుకి ముడేశారు. జబ్బేమోననుకున్నాను.

"నాకేం జబ్బు నాయనా! నిద్రలో దొర్లిపోతానని" అంది ముసలావిడ.

ఏసోబు భార్య కరుణ మెత్తళ్ల పులుసు వడ్డించింది. "కొంచెమే పోస్తున్నాను మాస్టారూ. ఎక్కువైతే నేల తాగుద్ది."

ముద్ద కలిపేలోపు అల వచ్చింది. పలకల సందుల్లోంచి నీరు చిమ్మింది. ఇల్లు లేచి పడింది. ఏసోబు ఎడమచేత్తో నా కంచం పట్టుకుని తన కుడిచేత్తో తింటూనే ఉన్నాడు. ముసలావిడ నిద్రపోయింది.

పులుసు బాగుంది. ఆ మాట చెప్పాను.

షష్ఠి

వాళ్లు మా ఇంటికి వచ్చారు. నేను పప్పు, వంకాయ కూర చేశాను. కూరలో ఉప్పు వెయ్యలేదని తిన్నాక తెలిసింది. కరుణ రెండోసారి కూడా వడ్డించుకుంది.

మా తెప్ప నాలుగు తెప్పల నడుమ ఉంటుంది. గ్లాసులో నీళ్లు కదలవు. అయినా కరుణ తిన్నంతసేపూ ఎడమచెయ్యి కంచం అంచు మీంచి తియ్యలేదు. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు ఏసోబు వచ్చి ఆ కంచం పట్టుకున్నాడు. నేను చూస్తున్నానని చూసి ఇద్దరూ నవ్వారు.

"అలవాటు" అన్నాడు.

వెళ్లేటప్పుడు కరుణ మొక్కల దగ్గర ఆగింది. "అక్క నాకు ఒకటిచ్చింది పోయినేడు. డబ్బాలో పెట్టాను. అల కొట్టుకుపోయింది. అక్కకి చెప్పలేదు."

ఆమెకు ఇంకో మొక్క ఇచ్చాను. మూడో వరసలోది.

అష్టమి

పీపాల్లో నీరు లేదు. కింద గుల్లలు తూర్పువైపు ఎక్కువ పట్టాయేమోనని ఈతగాళ్లు దిగి గీకారు. రెండు వైపులా ఒకటే. మోకులు సడలించి మళ్లీ బిగించారు. గొట్టంలో నీరు అక్కడే ఉంది.

సభతెప్ప మీద చిన్న గుంపు చేరింది. బుల్లయ్య సలహా ఇచ్చాడు. "ఇంత గొడవెందుకు? పడమటివైపు ఒక రాయి పెట్టండి. సమమైపోద్ది."

గౌసియా తల అడ్డంగా ఊపింది. "ఎందుకు వంగిందో తెలియకుండా ఎదురు బరువు పెట్టను బాబాయ్."

"మొగ్గు జరక్కపోతే నాకే లాభం, అయినా చెప్తున్నాను. మంచికి పోతే వినరే!"

"నువ్వు కూచున్న వైపు వంగిందేమో, కాస్త లే బాబాయ్" అన్నారెవరో. బుల్లయ్య లేచి నిజంగానే గొట్టం వైపు చూశాడు. అందరూ నవ్వారు. దీనమ్మ నవ్వలేదు.

"తూర్పు గెలిస్తే నేల వంకరని పడమటోళ్లు అంటారు. పడమర గెలిస్తే రాయి బరువని తూర్పోళ్లు అంటారు. ఎవరు ఓడినా నేలని తిట్టకూడదు. వెతకండి."

వాతావరణం తెప్ప నుంచి కబురు. దక్షిణాన అల్పపీడనం.

దశమి

దీనమ్మ మళ్లీ గడప దగ్గరికి వచ్చింది.

"అక్క బిందె దించాలి మాస్టారూ. ఎల్లుండి ద్వాదశి."

పోయినవాళ్ల తోడుబిందెలో నీళ్లను తర్వాత వచ్చే శుద్ధ ద్వాదశినాడు ఊరి తాగునీటి తొట్టిలో పోస్తాం. ఆ రోజు ఊరంతా ఆ తొట్టి నీళ్లే తాగుతుంది. బిందె దించడమంటే అదే.

మంచం కింద చూశాను. వంటింట్లో చూశాను. మొక్కల వెనక చూశాను. నా బిందె ఉంది. ఆమెది లేదు.

దీనమ్మ నా ముఖం చూసింది. నేను ఆమె ముఖం చూశాను. ఒకేసారి తెలిసింది.

సభతెప్ప అంచుల్లో కాళ్ల కింద గూళ్లుంటాయి. నిలబడేటప్పుడు బిందెను గూట్లో దించి మూత వేస్తాం. గంట కొట్టాక తీసుకుని వస్తాం. ఆ రోజు గంట కొట్టాక ఆమెకు పట్టుకోవడానికి ఒక చెయ్యి కావలసి వచ్చింది, బిందె గూట్లోనే ఉండిపోయింది. ఇన్ని రోజులూ గూళ్లు ఎవరూ తెరవలేదు. ఒకరి గూటి మూత ఇంకొకరు ముట్టుకోరు. బిందె మరిచిపోయే మనిషి ఉంటాడని ఈ ఊళ్లో ఎవరికీ తట్టదు.

మేము వెళ్లేసరికి గౌసియా, బుల్లయ్య, ఇంకొందరు అక్కడ ఉన్నారు. దీనమ్మ సంగతి చెప్పింది. "తెరవాల్సింది మాస్టారు ఒక్కరే" అంది. చెప్పకుండానే అందరూ తిరిగి నీళ్లవైపు ముఖం పెట్టుకున్నారు. బుల్లయ్య కళ్లు కూడా మూసుకున్నాడు.

నేను ముందు పడమటి అంచుకి వెళ్లాను. నేల తూర్పుకి వంగిందని తెలిసీ వెళ్లాను. నా గూటికి అటూ ఇటూ ఉన్న మూతలన్నీ తీశాను. ఏమీ లేవు.

తూర్పున, చిట్టచివరి గూట్లో ఉంది. మెడకు ఆమె కట్టుకున్న నీడవల ముక్క. నీళ్లు ఆమె తూకం గీతదాకా ఉన్నాయి.

బయటికి తీసి నడిస్తంభం దగ్గర దించాను. గౌసియా వెనక్కి తిరగకుండానే అడిగింది.

"అయిందా సార్?"

"అయింది."

గొట్టంలో నీరు మెల్లగా జారి నడుమకొచ్చి ఆగింది. ఎక్కడ దొరికిందని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు.

ద్వాదశి

పొద్దున సభ కూడింది. తొలిమొగ్గు చెల్లుతుందని తేల్చారు. అప్పుడు అంబుజ తన కాళ్ల మీద నిలబడే ఉంది. నేల సమమైంది కాబట్టి తుదిమొగ్గు పున్నమికే. అంతటితో అయిపోయేది. ఏసోబు లేచాడు.

"ఒక మాట. నేను తూర్పువాణ్ని. ఇది నా లాభం కోసం అంటారేమో, అనండి. అక్క బిందె ఆ గూట్లోనే ఉండనివ్వండి, పున్నమి దాకా. ఆ తెప్ప ఆమె పెంచింది. ఆమె మాట ఆమె చెప్పే వెళ్లింది."

గుసగుసలు. పడమటివాళ్లు బుల్లయ్య వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"అంబుజమ్మ బిందె ఒక్కదానితో నేను ఓడిపోవచ్చు. తెలుసు. అయినా ఉండనివ్వండి. నాకేం అభ్యంతరం లేదు." తర్వాత ఎవరినో తిడుతున్నట్టు, "ఏంటలా చూస్తారు? నేనూ ఆమె చేతి అన్నం తిన్నవాణ్నే. ఎక్కువే తిన్నాను" అన్నాడు.

ఒకావిడ కళ్లు తుడుచుకుంది. గౌసియా గొట్టం వైపే చూస్తూ ఉంది. తను కాదనాలి. అది ఆమె పని. కాదనలేకపోయింది.

దీనమ్మ నన్ను చూసింది. "మాస్టారూ, రూలు నాకు తెలుసు. కాని ఊరు అడుగుతోంది. మీరేమంటారు?"

ఇలా అడుగుతారని నేను అనుకోలేదు. ఒక్క బిందె. దానికోసం వారం రోజులు పీపాలు చూశారు, గుల్లలు గీకారు, రాయి పెట్టడానికి ఒప్పుకోలేదు. దొరికాక, గెలిచేవాళ్లూ ఓడేవాళ్లూ కలిసి దాన్ని ఉంచుదామంటున్నారు. ఇలాంటి ఊళ్లో ఉన్నానని నాకు ఇప్పటిదాకా పూర్తిగా తెలియదు. ఆమెకు తెలుసు. అందుకే అంత బిందె మోసింది.

నేను లేచాను.

"తోడు అన్న మాటకి అర్థం నేను ఇన్నాళ్లూ తప్పు చెప్పాను. అంబుజ చెప్పిందే సరి. మనిషికి తోడుగా ఉండేది. మనిషి లేనప్పుడు అది ఉత్త నీళ్లు. తీసెయ్యండి."

కూర్చున్నాను.

మధ్యాహ్నం బిందె దించాం. తొట్టి ఒకవైపు దీనమ్మ పట్టుకుంది, బిందె నేను వంచాను. ఊరంతా గ్లాసులతో వరసలో నిలబడింది. కరుణ ముసలావిడకోసం చెంబు తెచ్చింది. నేను చివర్న తాగాను. మామూలు నీళ్లే. కొంచెం ప్లాస్టిక్ వాసన.

ఖాళీ బిందె ఇంటికి తెచ్చి గోడ దగ్గర పెట్టాను.

చతుర్దశి

గాలి మారింది. అల్పపీడనం ఇటే వస్తోందని కబురు. రేపు తూర్పుకి పడితే మధ్యాహ్నమే మోకులు విప్పాలి. పడవలు సిద్ధంగా ఉన్నాయి. పడమరకి పడితే అవే పడవలు గాలితెప్ప ముసలివాళ్లను ఊరి నడుమకు చేరుస్తాయట. దీనమ్మ రెండిటికీ ఏర్పాటు చేసింది. బుల్లయ్య పొద్దుణ్నుంచి తన సామాను కడుతున్నాడు. "ఓడిపోతానని కాదు. దులిపి సర్దినట్టుంటదని" అన్నాడు.

సాయంత్రం కాటా దగ్గర తూకాలు. గౌసియా నా వంతు రాగానే ఒకసారి చూసి, ఇంకోసారి నిలబడమంది.

"సార్, మీరు బాగా తగ్గారు. మీ బిందె నిండా నింపినా సరిపోదు. అంచున నిలబడతారు, తక్కువ ఉండకూడదు." కాస్త ఆగి, "పెద్ద బిందె ఏదైనా ఇప్పించమంటారా?" అంది.

"ఇంట్లో ఉంది" అన్నాను.

తెచ్చాను. గౌసియా పాత గీత చెరిపేసి, నా తక్కువ లెక్కగట్టి కొత్త గీత పెట్టింది. పాతదానికి కొంచెమే కింద. మెడకున్న వల ముక్క తియ్యాలా అని చూపులతో అడిగింది. ఉండనివ్వమన్నాను.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. వెనక ఆ గోడ ఉంది. ఎటు పడుతుందో తెలియదు. నేను ఎటో తెలుసు. అంబుజ అటు నిలబడిందని కాదు. అది తెలియకముందే కరుణ చెయ్యి కంచం మీద చూశాను. ఆ రోజే తేలిపోయింది, ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. అంబుజకు ఇన్నాళ్లు పట్టలేదు. అంతే తేడా.

మోకులు బాగున్నాయి, విప్పడానికి వీలుగా ముళ్లు సరిచేశాను. మూడో వరసకు నీడవల తీసేశాను. మొగ దగ్గర నీడ ఉండదు, మొక్కలు ఎండకు అలవాటు పడాలి.

రేపు పొద్దున పోటు నిండకముందే లేచి, మొక్కలకు నీళ్లు పెట్టి, అంబుజ బిందెను నా గీతదాకా నింపుకుని, నడిస్తంభం దగ్గర ఒక్క క్షణం ఆగి, తూర్పు అంచుకి నడుస్తాను.